నన్ను తప్ప

ఆ యేడు ఈస్టరు ముందు వచ్చే శ్రమల కాలంలో మా అత్తయ్య కమలమ్మను స్కూటీ వెనక ఎక్కించుకుని ఊళ్ళు తిప్పాను. ఆమె క్షమాపణ అడగడానికి, నేను బండి నడపడానికి.

ఇదంతా భస్మ బుధవారం సాయంత్రం మొదలైంది. మాది రేపల్లె దగ్గర, నగరం అనే ఊరి పక్కన చిన్న పల్లె. మా లూథరన్ గుడికి ఎజ్రా అయ్యగారు కొత్తగా వచ్చారు. చిన్న వయసు, గట్టి గొంతు. ఆ రోజు ప్రసంగంలో ఆయన అన్నారు:

"ఈ శ్రమ దినాల్లో మీరు మాంసం మానేస్తారు. కొందరు కాఫీ మానేస్తారు. మంచిదే. కానీ రేపు దేవుడు మిమ్మల్ని కాఫీ గురించి అడగడు. మీ వల్ల ఏడ్చిన వాళ్ళున్నారు గదా, వాళ్ళ గురించి అడుగుతాడు. ఈస్టరు లోపల వాళ్ళ గుమ్మం తొక్కి రండి. మారుమనస్సంటే అదీ. మిగతాదంతా పథ్యం."

బయటికొచ్చాక జనం మైకు సరిగా పలకలేదని మాట్లాడుకున్నారు. అత్తయ్య మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచింది. ఆమె రిటైరైన టీచరు. చాలా ఏళ్ళుగా గుళ్ళో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఆమె మాట్లాడకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి గేటు దగ్గర నిలబడింది. పక్కిల్లు ఆమె తోడికోడలు సువార్తమ్మది. మురుగు కాలవ ఎవరి వైపు పోవాలన్న దగ్గర తగవొచ్చి, ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు.

"సువార్తా, ఆ కాలవ విషయంలో తప్పు నాదే. పదిమందిలో నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు."

సువార్తమ్మ చేటలో మినుములు చెరుగుతోంది. చేట కింద పెట్టేసి, కాసేపు ఆమె మొహంలోకి చూసి, గోడ మీదుగా నన్ను కేకేసింది.

"అమ్మా ఏంజెలూ, మీ అత్తకి ఓసారి బీపీ చూడమ్మా!"

నేను రేపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. బీపీ చూశాను. బాగానే ఉంది.

ఆ సాయంత్రం అత్తయ్య మా ఆయనతో అంది: "మనోహరూ, ఆదివారం గుడి అయ్యాక నన్ను అడవులదీవి తీసుకెళ్ళాలి. అక్కడొకణ్ణి చూడాలి."

"ఆదివారం ఒక్కరోజేగమ్మా నాకు సెలవు. ఏంజెల్ తీసుకెళ్తుందిలే," అన్నాడాయన. తెనాలిలో బట్టల షాపులో ఎకౌంట్లు చూస్తాడు. రోజూ రేపల్లె నుంచి రైల్లో వెళ్ళొస్తాడు. నాకూ సెలవు ఆ ఒక్కరోజేనన్న సంగతి ఆయనకు తట్టలేదు.

అయినా నేను కాదనలేదు. లోపల నాకో ఆశ పుట్టింది. ఇలా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తూ పోతే నా వంతు కూడా వస్తుందనుకున్నాను.

మా పెళ్ళయిన రెండో యేడు, ఏడో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే స్త్రీల సమాజం కూడిక మా ఇంట్లో పెట్టారు. నేను లోపల గదిలో మంచం మీదున్నాను. తలుపు తీసే ఉంది. అత్తయ్య లేచి ప్రార్థన విన్నపం చెప్పింది. "మా కోడలు ఏదో పాపం దాచుకుని ఉంది. అది ఒప్పుకుంటే గానీ ఆ గర్భానికి విడుదల లేదు. దాని మనసు మారేలా అందరూ ప్రార్థించండి." అందరూ ఆమెన్ అన్నారు. నాకింకా పాలు పడుతూనే ఉన్నాయి. జాకెట్టు తడిసిపోతుంటే పమిట అదిమి పట్టుకుని ఆ ఆమెన్ విన్నాను.

ఆ తర్వాత నాకు మళ్ళీ కడుపు పండలేదు. ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో ఏ ఆడమనిషి పలకరించినా, నేనింకా ఏదో ఒప్పుకోవాల్సి ఉన్నట్టే ఉంటుంది ఆ చూపు.

*

అడవులదీవి దారంతా నూర్పిడికి మినుము కట్టె రోడ్డు మీద పరిచారు. బండి జారకుండా నడపడానికి నా చేతులు పడిపోయాయి. వెనక అత్తయ్య గొడుగు వేసుకుని కూర్చుంది. గాలికి గొడుగు ఎటు లాగితే బండి అటు పోతోంది.

"గొడుగు ముయ్యండి అత్తయ్యా."

"ఎండ."

లూకా అనే అతను రొయ్యల చెరువు గట్టు మీద దొరికాడు. జుట్టు సగం నెరిసింది. అత్తయ్యను చూసి పంచె దించుకుని పరుగెత్తుకొచ్చాడు.

"వందనాలు టీచరుగారూ! ఇట్టా వచ్చారేంటండీ?"

అత్తయ్య కూర్చోలేదు. గట్టు మీద నిలబడే చెప్పింది. లూకా ఐదో తరగతిలో ఉండగా, క్రిస్మస్ నాటకానికి తెచ్చిన కొత్త దుప్పటి పోయింది. వాడే తీశాడని బడంతా చూస్తుండగా బెత్తంతో కొట్టింది. పండగ తర్వాత వాడు బడికి రాలేదు.

"ఆ దుప్పటి నువ్వు తియ్యలేదు లూకా. వాచ్‌మేన్ చిన్నయ్య తీశాడని తర్వాత తెలిసింది. నిష్కారణంగా నిన్ను కొట్టి నీ చదువు పాడుచేశాను. నన్ను క్షమించు."

లూకా నా వైపు చూశాడు, నీళ్ళ వైపు చూశాడు, తల గోక్కున్నాడు.

"టీచరుగారూ... ఆ దుప్పటి నేనే తీశానండి."

"ఏంటీ?"

"నేనేనండి. మా నాయనమ్మ చలికి ముడుచుకుని పడుకునేది. దానికి కప్పా. ముసల్ది ఆ దుప్పట్లోనే పోయింది. మీరు కొట్టింది న్యాయమేనండి. చదువంటారా, దెబ్బలకి కాదు. నాకు లెక్కలు ఎక్కేవి కాదు. మా నాన్న పడవ మీదికి రమ్మన్నాడు, ఎగిరి గంతేసి పోయా."

"మరి చిన్నయ్య?"

"పాపం, ఆయనకేం తెలవదండి."

అత్తయ్య మొహం చూసి నాకు నవ్వొచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. లూకా మమ్మల్ని ఉత్త చేతులతో పంపలేదు. సంచి నిండా బతికున్న పీతలిచ్చాడు. అవి బండి కొక్కేనికి వేలాడుతూ దారి పొడుగునా నా మోకాలిని గీరుతూనే ఉన్నాయి.

"చిన్నయ్యని ఇన్నేళ్ళూ దొంగనుకున్నాను," అంది అత్తయ్య వెనక నుంచి. "అనుకోవడమే కాదు, నలుగురికీ చెప్పాను. వాడు చచ్చిపోయాడు. ఇప్పుడెవర్ని అడగాలి?"

"దేవుణ్ణి అడగండి అత్తయ్యా. పెట్రోలన్నా కలిసొస్తుంది."

 ఇంటికెళ్ళాక అత్తయ్య పీతలు తీసుకెళ్ళి సువార్తమ్మకిచ్చేసింది. శ్రమల కాలంలో మనింట్లో నీచు వండకూడదంది. పీతల కూరంటే నాకు ప్రాణమని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం గోడవతల నుంచి మసాలా వాసన వస్తుంటే నేను పప్పుచారు పోసుకుని అన్నం తిన్నాను.

*

తర్వాతి ఆదివారం తెనాలి. రేపల్లెలో బండి పెట్టి రైలెక్కాం. అత్తయ్యతో ఒకే బళ్ళో చాలా ఏళ్ళు పనిచేసిన సావిత్రి టీచరు గారిని చూడాలి. ఇద్దరూ ప్రాణ స్నేహితులని మా ఇంట్లో అందరికీ తెలుసు. సంక్రాంతికి ఆమె అరిసెలు పంపేది, క్రిస్మస్‌కి మేం కేకు పంపేవాళ్ళం. క్షమాపణ అడగాల్సినంత తప్పు ఏముంటుందో నాకు అంతు పట్టలేదు.

సావిత్రి గారు గేటు దాకా ఎదురొచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. "కాఫీ మానేశావా? మజ్జిగ తాగు అయితే. ఏమ్మా ఏంజెల్, చిక్కిపోయావేం?" అన్నారు. దేవుడి గదిలోంచి సాంబ్రాణి వాసన వస్తోంది. నేను మజ్జిగ సగం తాగాను.

"సావిత్రీ, నీకొకటి చెప్పాలి," అంది అత్తయ్య. "నిన్ను మాచర్ల అవతలికి ట్రాన్స్‌ఫర్ చేశారు గుర్తుందా? అది ఆఫీసు వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చేసింది కాదు. నేను వెళ్ళి నీ మీద చెప్పాను. నువ్వు బడికి సరిగా రావని, పిల్లల్ని పట్టించుకోవని చెప్పాను. హెడ్మిస్ట్రెస్ పోస్టు నీకొస్తుందని ఓర్వలేకపోయాను."

ఫ్యాను తిరుగుతోంది. 

"మా అమ్మ పోయినప్పుడు నేనక్కడున్నాను," అన్నారు సావిత్రి గారు. "బస్సులు మారి వచ్చేసరికి తీసుకెళ్ళిపోయారు. మొహం కూడా చూడలేదు. నువ్వొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చావు. గుర్తుందా?"

"గుర్తుంది."

"నిజంగానే ఏడ్చావా?"

"నిజంగానే సావిత్రీ."

"అప్పుడు చెప్పలేదేం మరి?"

అత్తయ్య ముట్టని మజ్జిగ గ్లాసును పక్కకి జరిపింది.

"ఇప్పుడెందుకు చెప్పావు కమలా? మీ పండగ లోపల చెప్పేయాలనా? నీ గుండె మీది బరువు తెచ్చి నా గుండె మీద పెట్టి పోతున్నావు. నాకు ఉద్యోగంలో మిగిలింది నువ్వొక్కదానివే అనుకుంటూ ఉన్నాను. ఇప్పుడు అదీ లేకుండా చేశావు." ఆవిడ లేచారు. గొంతు పెంచలేదు. "వెళ్ళిరా. డాబా మీద బట్టలారేశాను, తీసుకోవాలి."

మేం గేటు దాటేటప్పటికి ఆవిడ డాబా మెట్లు ఎక్కుతున్నారు. తాడు మీద ఒక్క బట్ట కూడా లేదు.

తిరుగు రైల్లో అత్తయ్య కిటికీ పక్కన కూర్చుంది. వేమూరు దాటాక అంది:

"నేను చెప్పకుండా ఉండాల్సిందా?"

"నాకేం తెలుసత్తయ్యా."

నాకు నిజంగానే తెలియదు. సావిత్రి గారి మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఈమెకు తగిన శాస్తి జరిగిందని ఒక పక్క, పాపం మజ్జిగ కూడా తాగకుండా బయటికొచ్చిందని ఇంకో పక్క. ఈ రెండూ కాక మూడోది కూడా ఉంది. పాతికేళ్ళ కిందటి తప్పు గుర్తుంచుకుని తెనాలి దాకా వచ్చిన మనిషికి, పక్క సీట్లో కూర్చున్న నేను ఎందుకు గుర్తు రావడం లేదు?

*

ఆ వారమంతా ఆమె సరిగా తినలేదు. ఇంటింటి ప్రార్థనలకి కూడా వెళ్ళలేదు. శనివారం రాత్రి అన్నం దగ్గర అంది:

"రేపు బాపట్ల వెళ్దాం. మీ అమ్మగారిని చూడాలి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. వచ్చింది నా వంతు, అనుకున్నాను.

మా అమ్మ దీనమ్మ బాపట్లలో వ్యవసాయ కళాశాల అవతల మా తమ్ముడి దగ్గర ఉంటుంది. చెరుకుపల్లి, చందోలు మీదుగా వెళ్ళాం. దారిలో ఎండబెట్టిన మొక్కజొన్నలు, వాటి చుట్టూ అడ్డం పెట్టిన రాళ్ళు. ఆ రోజు నేను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. గొడుగు వేసుకున్నా ఏమీ అనలేదు.

అమ్మ అన్నం పెట్టింది. తమ్ముడూ వాళ్ళూ గుళ్ళోంచి ఇంకా రాలేదు. అత్తయ్య విస్తరి ముందు కూర్చుంది గానీ చెయ్యి పెట్టలేదు.

"వదినగారూ, ఏంజెల్ బిడ్డ పోయినప్పుడు నేనొక మాటన్నాను. మీ కూతుర్ని పదిమందిలో పాపాత్మురాలిని చేశాను. కన్నతల్లి మీరు. ఎంత బాధపడి ఉంటారో ఇప్పుడు తెలుస్తోంది."

అమ్మ స్టీలు గ్లాసు పైట చెంగుతో తుడుస్తోంది. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది.

"అది ఫోన్ చేసి ఏడ్చింది వదినగారూ. మాట రావట్లేదు దానికి. ఆ రోజే బస్సెక్కి వచ్చి తీసుకుపోదామనుకున్నా. ఆయన ఆపారు, సంసారం చెడుద్దని. ఆయన పోయేదాకా మా ఇద్దరికీ దాని మీదే గొడవ." గ్లాసు కింద పెట్టింది. "ఇంతకీ దాన్ని అడిగారా?"

అత్తయ్య తలెత్తలేదు. "లేదండి."

"అదేంటి?"

నేను అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇప్పుడు అడుగుతుంది, అనుకున్నాను. ఇటు తిరగడమే ఆలస్యం. నేనేం అనాలో కూడా నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా గిన్నెలు తోముతూ అనుకున్న మాటలవి.

"ముందు దాన్ని అడగండి. నా సంగతి తర్వాత," అంది అమ్మ.

అత్తయ్య రెండు ముద్దలు మింగి చెయ్యి కడుక్కుంది. "ఇంక బయల్దేరదాం ఏంజెలూ. పొద్దు పోతే దారి బాగుండదు."

తిరుగుదారిలో చందోలు దగ్గర స్పీడు బ్రేకర్ వచ్చింది. బండి నెమ్మదించలేదు. అత్తయ్య ఎగిరి కూర్చుంది.

"మెల్లగా పోనీ."

"మెల్లగానే పోతున్నానండీ."

ఇంటికి రాగానే మా ఆయన్ని వంటింట్లోకి పిలిచి కడిగేశాను. "మీ అమ్మ ఊళ్ళోవాళ్ళందరినీ అడిగింది. దొంగని అడిగింది, స్నేహితురాల్ని అడిగింది, మా అమ్మని అడిగింది. నన్ను తప్ప!"

"అడుగుద్దిలేవే. ఈస్టరుకి ఇంకా టైముంది గదా."

"ఇదేమన్నా కరెంటు బిల్లా, ఆఖరి తేదీ చూసుకోడానికి?"

"అది కాదు. నువ్వు పరాయిదానివా? సొంతమనిషివి. అందుకని ప్రత్యేకంగా అడగాల్సిన పని లేదనుకుందేమో..."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. నా చేతిలో ఉన్న పళ్ళెం చూసి ఊరుకున్నాడు.

*

ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం ఆరాధన అయిపోయాక, ఈతాకులు ఇంకా చేతుల్లో ఉండగానే, స్త్రీల సమాజం వాళ్ళం గుడి వరండాలో కూర్చున్నాం. గుడ్ ఫ్రైడే నాడు ఎవరెవరు ఏ పాట పాడాలో తేల్చుకోవడానికి. అత్తయ్య లేచింది. పాటల గురించి చెబుతుందనుకున్నాం.

"ఎనిమిదేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన కూడికలో, మా కోడలు పాపం దాచుకుందని చెప్పి మీ అందరిచేతా ప్రార్థన చేయించాను. అది అబద్ధం. ఆ పిల్ల మీద నాకు తెలిసిన పాపమేదీ లేదు. బిడ్డ ఎందుకు పోయాడో డాక్టర్లు చెప్పారు. నాకు అర్థమయ్యేలాగే చెప్పారు. అయినా నేనట్లా అన్నాను. ఆ రోజు మీరంతా ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ వెనక్కి తీసుకోండి."

 ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. జాలిగా చూసేవాళ్ళు, కళ్ళొత్తుకునేవాళ్ళు. ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేసి, లేచి ఇంటికొచ్చేశాను. ఎవరు చెప్పమన్నారు ఈమెను? నన్నడిగి చెప్పిందా? ఎనిమిదేళ్ళుగా మానీ మానకుండా ఉన్న పుండుని మళ్ళీ పదిమంది మధ్యలో పెట్టి విప్పింది. అప్పుడూ నన్నడగలేదు, ఇప్పుడూ నన్నడగలేదు.

ఆమె వచ్చేసరికి నేను వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాను. తరగడానికి ఏమీ తీసుకోలేదు.

"అందరినీ అడిగారు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నన్నెందుకు అడగరు? నేను మనిషిని కానా?"

అత్తయ్య గోడకానుకుని మెల్లగా కింద కూర్చుంది.

"సావిత్రి నన్ను వెళ్ళిరమ్మంది. ఆమె ఇల్లు ఆమెది కాబట్టి అనగలిగింది. మీ అమ్మగారూ నా మొహం మీదే చెప్పగలిగారు. నువ్వు నన్ను ఎక్కడికి పొమ్మంటావు? ఇప్పుడు నేనడిగితే సరేనత్తయ్యా అంటావు. అనక తప్పదు. పొద్దున్నే నాకు వేణ్ణీళ్ళు పెట్టాలి, అన్నం పెట్టాలి, మాత్రలివ్వాలి. కాదనడానికి వీల్లేని మనిషిని అడగడం అడగడం కాదు ఏంజెలూ. ఇంకో పని చెప్పినట్టు."

నాకు ఏడుపు రాలేదు, మనసు కరగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆమె చెప్పింది నిజం. అడిగి ఉంటే సరేనత్తయ్యా అనే ఉండేదాన్ని. గిన్నెలు తోముతూ కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి వచ్చేది కాదు.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే అత్తయ్య అంది: "తెనాలిలో ఇల్లు చూడు మనోహరూ. ఏంజెల్‌కి అక్కడ పెద్దాస్పత్రి వాళ్ళు రెండుసార్లు పిలిచి ఉద్యోగం ఇస్తామంటే నేనే అడ్డం పడ్డాను. ఈ ఊరు వదిలి నేను రాను, నన్ను వదిలి మీరు పోకూడదు అన్నాను. ఇంక అననులే. వెళ్ళండి."

"నువ్వొక్కదానివీ ఎట్లా ఉంటావమ్మా?"

"ఒక్కదాన్నేంటి? సువార్త ఉంది."

నేను వంటింట్లోంచి బయటికొచ్చాను. "నన్ను ఉంచడం మీరే తేల్చారు. ఇప్పుడు పంపించడం కూడా మీరేనా?"

మా ఆయన నోరు తెరిచి నిలబడిపోయాడు. పదేళ్ళ కాపురంలో అత్తయ్య ముందు నేనంత గొంతుతో మాట్లాడడం ఆయన వినలేదు. అత్తయ్య అంది:

"నువ్వు ఉంటానంటే ఉండు. పోతానంటే పో. నేను అడ్డం లేనని చెప్పడం వరకే నా వంతు. తేల్చుకోవాల్సింది నువ్వు."

ఆ వారం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. గుడ్ ఫ్రైడే నాడు కావాలని డ్యూటీ వేయించుకున్నాను. ఈస్టరు నాడు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. మా బాబు మట్టి దగ్గర నిలబడ్డాను. అత్తయ్య దూరంగానే ఆగిపోయింది, దగ్గరికి రాలేదు. సోమవారం నేనే తెనాలి ఆస్పత్రికి ఫోన్ చేశాను.

*

మే నెలలో తెనాలి చెంచుపేటలో ఒక ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాం. చిన్న వంటిల్లు, పెద్ద కిటికీ. మొదటి వారం నాకు పొద్దున్నే నాలుగింటికే మెలకువ వచ్చేది, వేణ్ణీళ్ళు పెట్టాలని. లేచి కూర్చుని, పెట్టాల్సిన పని లేదని గుర్తొచ్చి మళ్ళీ పడుకునేదాన్ని. నిద్ర పట్టేది కాదు. దానికీ ఆమె మీదే కోపం వచ్చేది.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే అత్తయ్య. ఒక్కతే రైలెక్కి వచ్చింది. చేతిలో తాటిముంజెల సంచి. మా ఆయన షాపులో ఉండే సమయం చూసుకునే వచ్చిందని అర్థమైంది.

కుర్చీ వేశాను. మంచినీళ్ళిచ్చాను. ఇల్లంతా ఒకసారి చూసింది గానీ బాగుందనో బాగాలేదనో అనలేదు.

"సావిత్రి గారింటికి వెళ్ళారా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గదా అని.

"అక్కణ్ణుంచే వస్తున్నా. గేటు తియ్యలేదు. కిటికీలోంచి చూసింది. మళ్ళీ వెళ్తాలే." నీళ్ళు తాగి గ్లాసు నేల మీద పెట్టింది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది.

"బిడ్డ పోయినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు ఏంజెలూ. వాడి కోసం స్వెట్టరు అల్లుకుని పెట్టుకున్నాను. దుఃఖం వచ్చినప్పుడు దేవుణ్ణి అనడానికి నాకు భయం వేసింది. అందుకని నిన్నన్నాను. నువ్వు పచ్చి ఒంటితో లోపల పడుకుని వింటున్నావని తెలిసే అన్నాను. తలుపు నేనే తీసి ఉంచాను. నన్ను క్షమిస్తావా?"

తలుపు సంగతి నాకు తెలియదు. గాలికి తెరుచుకుందనుకునేదాన్ని.

కింద వీధిలో ఎవరో కూరగాయలమ్ముతూ వెళ్ళారు. ఆ కేక సందు చివరిదాకా పోయింది. నేను పోగు చేసుకున్న మాటల కోసం వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. సరేనత్తయ్యా అనే మాట ఒకటే నోటి చివర ఉంది, ఎప్పట్లాగే. దాన్ని మింగేశాను.

"ఇప్పుడు చెప్పలేనత్తయ్యా," అన్నాను. "నాకు ఇంకా కోపంగానే ఉంది. ఎప్పటికి పోతుందో కూడా తెలియదు."

"సరే," అంది. మొహంలో నొప్పి కనిపించింది. దాచుకోవాలని చూడలేదు. చేతి సంచి తీసుకుని లేచింది. "రైలుకి టైమైంది. ముంజెలు ఇవాళే తినేయండి, రేపటికి ముదిరిపోతాయి."

"భోజనం చేసి వెళ్ళండి."

"వద్దులే. సువార్త వండి పెడుతుంది." గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగింది. "మళ్ళీ రావచ్చా?"

"రండి," అన్నాను. "వచ్చే ముందు ఫోన్ చేయండి. డ్యూటీలో ఉంటే తలుపు తీసేవాళ్ళుండరు."

"చేస్తాను," అని రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.